ఉప్పాడ బీచ్, హోప్ ఐలాండ్

కాకినాడ నుంచి ఉప్పాడకు బీచ్ రోడ్డులో కారులో అరగంట. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క మత్స్యకారుల ఊళ్లు. చూడ్డానికి బాగుంటుంది గానీ ఈ రోడ్డును అలలు ఎన్నోసార్లు కోసేశాయి. ఉప్పాడలో ఇళ్లు కూడా కడలిలో కలిశాయి. జియోట్యూబ్‌లతో గోడ కట్టారు, బండరాళ్లు వేశారు, కోత మాత్రం ఆగలేదు.

కాకినాడకు ఆ బాధ తక్కువే. ఎదురుగా హోప్ ఐలాండ్ అడ్డంగా ఉంది. సుమారు 16 కిలోమీటర్ల ఈ ఇసుక దిబ్బ గోదావరి తెచ్చిన ఇసుక, ఒండ్రుతో గత 200 ఏళ్లలో ఏర్పడినదే. పెద్ద అలలను అదే ఆపుతుంది కాబట్టి ఓడరేవు దగ్గర నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. ఆ అడ్డు ఉప్పాడ దాకా లేదు.

దీవికి కాకినాడ నుంచి బోటులో వెళ్లాలి. కోరంగి అభయారణ్యం పరిధి కాబట్టి ముందే అటవీ శాఖ దగ్గర అడగాలి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇక్కడ గుడ్లు పెడతాయి, పిల్లల్ని ఇసుక తవ్వనివ్వొద్దు.

తిరుగు దారిలో ఉప్పాడ జాందానీ మగ్గాలు చూడొచ్చు. జాందానీ అన్న మాట ఫార్సీదే. తుపాను రోజుల్లో బీచ్ రోడ్డు మూసేస్తారు, అప్పుడు పిఠాపురం మీదుగా వెళ్లాలి.