పందెపు మాటలు, వాటి వెనుకటి లెక్క

ద్యూతము, సమాహ్వయము, పణము అను మాటలు నేడు పండితుల నోట మాత్రమే వినవచ్చును. బుకీ, ఆడ్స్, ఫేవరిట్ అను మాటలో, ఆబిడ్సు కూడలిలో తిరుగు బాలురకును తెలియును. అయినను మాట తెలిసినంత మాత్రమున దాని మర్మము తెలిసినట్లు కాదు.

పాచికల వంటి ప్రాణము లేని వస్తువులతో ఆడునది ద్యూతమనియు, ప్రాణులను పోటీకి దింపి ఆడునది సమాహ్వయమనియు మనువు విభజించి, రెంటిని రాజ్యమునుండి తొలగింపుమనెను. గుఱ్ఱపు పందెము రెండవ తెగకు చేరును. జూదపు శాలను నడుపువానికి సభికుడని పేరు. పెద్ద గెలుపునందు సభికుడు నూటికైదు వంతులు తీసికొనవచ్చునని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. జూదము దోషమే, కాని ఆ కాలమున సభికుని వంతు బహిరంగముగా నుండెను.

మన నగరమున ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున, 1886లో, గుఱ్ఱపు పందెములు మౌలాలినుండి మలకుపేటకు మారినవి. ఆ ప్రభువు కొలువులోని ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన అంగడి వలననే ఆబిడ్సునకు ఆ పేరు వచ్చినది. పందెపు మైదానముతో ఇంగ్లీషు పందెపు మాటలును వచ్చినవి. సభికుని స్థానమున బుకీ నిలిచెను. వంతు మాత్రము ఆడ్స్ అను మాటలో దాగెను.

ఎట్లనగా, మూడు గుఱ్ఱములు పరుగెత్తుననుకొందము. బుకీ వరుసగా ఒకటికి ఒకటి, ఒకటికి రెండు, ఒకటికి మూడు అని పలికెను. ఒకటికి రెండనగా, రూపాయి ఒడ్డి గెలిచినవానికి ఆ రూపాయి గాక మఱి రెండు వచ్చునని యర్థము. ఇవియే ఆడ్స్. అన్నిటికంటె తక్కువ ఆడ్స్ గలది ఫేవరిట్, అనగా గెలుచునని యెక్కువమంది నమ్మినది. మొదటిదానిపై 6, రెండవదానిపై 4, మూడవదానిపై 3 రూపాయలు పడినచో బుకీ చేతికి వచ్చినవి 13. ఏది గెలిచినను అతడు తిరిగి యిచ్చునవి 12 మాత్రమే. మిగిలిన రూపాయి అతనిది. ఇది నూటికి ఏడున్నరకు మించినది. సభికుని వంతుకంటె ఎక్కువ! పైగా ఆ వంతు నెవరును పైకి చెప్పరు.

1967లో సికిందరాబాదు రమ్మీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానముగా నేర్పుతో గూడిన ఆటయని తీర్పు చెప్పుచునే, ఆటశాల యజమాని దానివలన లాభము గడించినచో నేరము కావచ్చుననెను. న్యాయస్థానము దృష్టియు ఆ వంతుపై పడినదని గమనింపదగును. 1974లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని శాసనసభ జూదనిరోధక చట్టము చేసి, నియమములకు లోబడిన గుఱ్ఱపు పందెములను మినహాయించెను. 2017లో తెలంగాణ ప్రభుత్వము ఆన్‌లైను జూదమును అందు చేర్చి, నేర్పుటాటల మినహాయింపును తొలగించెను. 2025లో పార్లమెంటు సొమ్ము ఒడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించుచు చట్టము చేసెను.

అయినను సెల్‌ఫోను చేతనున్న బాలుని వెంట రక్షకభటుడు ఎల్లవేళల నుండజాలడు. ఇంట నీ మాటలు వినబడిన దినమున తలిదండ్రులు కోపపడుటకు ముందు, కుమారుని కూర్చుండబెట్టి పై లెక్కను చేయించుట మేలు. పదుమూడిచ్చి పండ్రెండు పుచ్చుకొను బేరమని తన చేతితో తేల్చుకొన్నవాడు, అప్పు చేసి ఆ బేరమునకు పోవుటకు ముందు ఒక్క క్షణమైన ఆలోచించును.