పరాయి అరుగు మీది బాల్యం: విజయనగరం, శ్రీకాకుళం ప్రాంత స్మృతుల్లో ఇల్లు, బడి, అన్నం

వ్యాససంగ్రహం

ఉత్తరాంధ్ర రచయితల, కళాకారుల బాల్యవిశేషాలను వారి ప్రతిభకు పూర్వరంగంగా చదవడం పరిపాటి. వాటినే కుటుంబచరిత్రకు ఆధారాలుగా చదివినప్పుడు మరొక విషయం బయటపడుతుంది. పంతొమ్మిదో శతాబ్ది చివరిపాదంలో ఈ ప్రాంతంలో చదువుకున్న పిల్లల్లో పేరు నిలిచినవారు కొందరు తమ బాల్యంలో ముఖ్యభాగాన్ని సొంత ఇంట్లో గాక ఇతరుల పంచన గడిపారు. ఆ ఆశ్రయం ఎలా ఏర్పడింది, ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. జ్ఞాపకాలు వదిలేసిన బాల్యాలను కథ, నాటకం ఎలా భద్రపరచాయో వివరిస్తుంది.

కీలకపదాలు: బాల్యస్మృతి, కళింగాంధ్ర, విజయనగరం, వారాలు, మధుకరం, గురజాడ, గిడుగు, ఆదిభట్ల, చాసో, కారా

1. ఉపోద్ఘాతం

బాల్యం తలచుకోగానే తెలుగువారి మనసులో మెదిలేది పుట్టిల్లు. పెంకుటింటి వసారా, పెరటి నుయ్యి, తాతగారి పడకకుర్చీ, అమ్మమ్మ చెప్పే కథ జ్ఞాపకాల రచనల్లో తరచు కనిపించే సామగ్రి. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల ప్రముఖుల జీవితాలను పరిశీలిస్తే ఈ చిత్రం చాలాచోట్ల చెదిరిపోతుంది. పుట్టిన ఊరు ఒకటి, పెరిగిన ఊరు మరొకటి. కన్నవారు ఒకరు, అన్నం పెట్టినవారు వేరొకరు. ఇక్కడి గతస్మృతిలోని తీపికి అడుగున ఒక కృతజ్ఞత, ఆ కృతజ్ఞతకు అడుగున ఒక లేమి ఉన్నాయి. ఈ మూడు పొరలనూ విడదీసి చూడకపోతే ఈ ప్రాంతపు కుటుంబచరిత్ర అర్థం కాదు.

2. ఊరి నుంచి బడికి

నేటి జిల్లాల సరిహద్దులు ఇటీవలివి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. అంతకుముందు ఇదంతా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం, గంజాం జిల్లాల భూభాగం. అందులో అధికభాగం జమీందారీల కింద ఉండేది. విజయనగర సంస్థానాధీశులు 1857లో పాఠశాల స్థాపించారు. అది 1879లో కళాశాల స్థాయికి ఎదిగింది. ఇంగ్లీషు చదువుతో సర్కారు కొలువు దొరుకుతుందన్న ఆశ పుట్టిన కాలమది. వంశధార, నాగావళి, సువర్ణముఖి పరిసరాల పల్లెల్లో చదువు వీధిబడితో ఆగేది. అక్కడి నుంచి ముందుకు పోదలచిన పిల్లవాడికి దగ్గరలో కనిపించే ముఖ్యమైన గమ్యం విజయనగరం.

జీతం కట్టగలిగినా, కట్టలేకపోయినా ఊరుగాని ఊళ్ళో పిల్లవాడు ఎక్కడ పడుకుంటాడు, ఏం తింటాడు అన్నది అసలు చిక్కు. ఆ చిక్కును తీర్చినవి బంధుత్వం, ఉపాధ్యాయుల దయ, వారాలు, మధుకరం.

3. మూడు బాల్యాలు

దాదాపు సమవయస్కులైన ముగ్గురి జీవితాలు ఇందుకు సాక్ష్యం. గురజాడ అప్పారావు 1862లో ఎస్. రాయవరంలో మాతామహుల ఇంట పుట్టారు. తండ్రి ఉద్యోగరీత్యా చీపురుపల్లిలో ఉండడంతో పసితనం అక్కడ గడిచింది. తండ్రి మరణించాక విజయనగరం చేరి, వారాలు చేసుకుంటూ చదివారు. ప్రధానోపాధ్యాయులు చంద్రశేఖర శాస్త్రి ఆయనను చేరదీసి తమ ఇంట చోటిచ్చారు. 1882లో మెట్రిక్యులేషన్ పూర్తయింది.

గిడుగు రామమూర్తి 1863లో ముఖలింగ క్షేత్రానికి చేరువలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి రెవెన్యూ ఉద్యోగి. చోడవరానికి బదిలీ అయిన తండ్రి 1875లో విషజ్వరంతో మరణించారు. పన్నెండేళ్ళ పిల్లవాడు బంధువుల అండతో విజయనగరంలో చదువు సాగించాడు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరే నాటికి ఆయన వయసు పదిహేడు. విజయనగరం బడిలో గురజాడ, గిడుగు సహాధ్యాయులు. వాడుకభాషకు పట్టంగట్టిన ఇద్దరి స్నేహం మొదలైనది తండ్రిని పోగొట్టుకుని పట్నం చేరిన ఇద్దరు పిల్లల స్నేహంగానే.

ఆదిభట్ల నారాయణదాసు 1864లో బొబ్బిలి దగ్గరి అజ్జాడలో పుట్టారు. మొదటి పేరు సూర్యనారాయణ. పసితనంలో ఆయనకు బడి కన్న తల్లి ఒడే పెద్ద పాఠశాల. ఐదేళ్ళ ప్రాయంలో పుస్తకాల అంగడి ముందు భాగవతపద్యాలు గడగడా చదివి, అంగడివాని చేత ఆ పుస్తకమే బహుమతిగా పొందాడన్న కథ ఈ ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. ఆయన కూడా చదువు కోసం విజయనగరం చేరవలసివచ్చింది. అక్కడ కుప్పుస్వామి నాయుడు చెప్పిన హరికథ విన్న తరువాత 1883లో తానే గజ్జె కట్టారు. ఆయన ఆత్మకథ ‘నా యెరుక’ జీవితపు తొలిదశకే పరిమితమైనది. విజయం చేకూరిన తరువాతి దశాబ్దాలను విడిచి, ఎదుగుతున్న రోజులనే ఆ గ్రంథం పట్టుకుంది. రచయిత దృష్టిలో చెప్పుకోదగ్గ ‘ఎరుక’ అంతా ఆ వయసులోనే ఉన్నదని దీనినిబట్టి ఊహించవచ్చు.

ఈ ముగ్గురిలోనూ ఒక సామ్యం ఉంది. పల్లె వారికి నుడికారం ఇచ్చింది, పట్నం అక్షరం ఇచ్చింది. వాడుకభాషోద్యమానికి కారణాలు అనేకం. అయితే ఇంట్లో, వీధిలో విన్న భాషకూ బడిలో చదివిన భాషకూ మధ్య ఉన్న దూరాన్ని పసివయసులోనే కాలినడకన కొలిచినవారు ఆ ఉద్యమానికి సారథులు కావడం యాదృచ్ఛికం అనిపించదు.

4. వారాలు, మధుకరం: అన్నపు లెక్క

వారాలు, మధుకరం అన్న మాటలను నేడు పర్యాయపదాలుగా వాడుతున్నారు. రెండూ ఒకటి కావు. వారాల పద్ధతిలో పిల్లవాడికి వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఇంట భోజనం. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం మరొకటి. ఏడిళ్ళు కుదిరితే ఏడు రోజులు గడిచినట్లు. ఒక ఇల్లు తప్పితే ఆ రోజు పస్తు. పెట్టే ఇంటికి పిల్లవాడు తెలుసు, పిల్లవాడికి ఆ ఇంటి వేళలు, పట్టింపులు, రుచులు తెలుసు. మధుకరం అలా కాదు. తుమ్మెద పూవుపూవునా తేనె సేకరించినట్లు జోలె పట్టి ఇంటింటా వండిన అన్నం స్వీకరించడం. వారంలో ఒక చుట్టరికపు ఛాయ ఉంటుంది. మధుకరంలో వీధి అంతా చూస్తుండగా చేయిచాచే సిగ్గు ఉంటుంది.

ఇరవయ్యో శతాబ్దిలోనూ ఈ పద్ధతి నిలిచింది. విజయనగరంలో 1919లో సంగీత పాఠశాల నెలకొని, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులయ్యారు. 1936లో ద్వారం వెంకటస్వామినాయుడు ఆ బాధ్యత స్వీకరించారు. కృష్ణాజిల్లా చౌటపల్లి నుంచి చేతిలో డబ్బు లేకుండా సంగీతం కోసం ఇక్కడికి వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు పట్రాయని సీతారామశాస్త్రి ఆదరణ పొందారు. ఆయన విజయనగరం వీధుల్లో మధుకరం ఎత్తిన సంగతి సుప్రసిద్ధం. ఆంధ్రదేశం నలుమూలలా మారుమ్రోగిన ఒక కంఠాన్ని ఆనాడు నిలబెట్టినది ఆ పట్టణపు వంటిళ్ళలోని పిడికెడు మెతుకులు.

ఈ చరిత్రలో ఒక వెలితి ఉంది. గురజాడకు చోటిచ్చిన చంద్రశేఖర శాస్త్రి పేరు నిలిచింది. ఘంటసాలను ఆదరించిన సీతారామశాస్త్రి పేరు నిలిచింది. ఆ ఇళ్ళలో పొయ్యి ముందు కూర్చుని మరొక కంచానికి సరిపడా ఎసరు పెంచిన స్త్రీల ప్రస్తావన ఆ కథనాల్లో చాలా అరుదు. ఆశ్రయమిచ్చిన కీర్తి ఇంటి యజమానిది, ఆశ్రయపు శ్రమ ఇల్లాలిది.

5. బడికి వెళ్ళిన తమ్ముడు, అమ్ముడుపోయిన చెల్లెలు

మగపిల్లవాడు ఇల్లు విడిచినది చదువు కోసం. అదే కాలంలో, అదే సామాజిక వర్గంలో ఆడపిల్ల ఇల్లు విడిచినది వేరే కారణానికి. విజయనగర మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. ఆ లెక్కను గురజాడ 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ పీఠికలో నమోదు చేశారు. మొత్తం 1034 వివాహాలు. వధువుల్లో 99 మంది ఐదేళ్ళవారు, 44 మంది నాలుగేళ్ళవారు, 36 మంది మూడేళ్ళవారు, ఆరుగురు రెండేళ్ళవారు. ముగ్గురి వయసు ఒక్క ఏడాది.

ఈ అంకెల పక్కన పెట్టి చూస్తే ‘కన్యాశుల్కం’లోని అగ్నిహోత్రావధానుల ఇల్లు ఆనాటి బాల్యాలన్నిటికీ నమూనాగా కనిపిస్తుంది. కొడుకు వెంకటేశం విజయనగరంలో ఇంగ్లీషు చదువుతున్నాడు. పెద్దకూతురు బుచ్చమ్మ బాలవితంతువు. చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులుకు కట్టబెట్టే ఏర్పాటు జరుగుతోంది. చదువుకు అవుతున్న ఖర్చును తండ్రి ఏకరువు పెడతాడు. ఒకే కప్పు కింద ఒక బిడ్డ ఖర్చు, ఒక బిడ్డ రాబడి, ఒక బిడ్డ బరువు. వెంకటేశం పెద్దవాడై జ్ఞాపకాలు రాసుకుంటే సెలవులకు ఇంటికి వచ్చిన సందడి అందులో ఉంటుంది. సుబ్బికి రాసే వీలే లేదు. ‘పూర్ణమ్మ’ కథాగేయంలో పుట్టింటివారి నుంచి వీడ్కోలు తీసుకునే బాలిక గొంతు వినిపించడానికి కారణం ఇదే కావచ్చు. స్వయంగా చెప్పుకోలేని బాల్యానికి కవి గొంతు అరువిచ్చాడు.

6. అరుగు ఎక్కని పిల్లలు

వారాలు, మధుకరం అందరికీ తెరిచిన తలుపులు కావు. వాటి అందుబాటు కులాన్నిబట్టి నిర్ణయమైంది. చోడి అంబలి తాగి పశువుల వెంట పోయిన పిల్లలకు, కళ్ళంలో తల్లిదండ్రులతో పాటు పనిచేసిన పిల్లలకు విజయనగరపు అరుగులు దూరమే. వారి బాల్యం ఆత్మకథలకు ఎక్కలేదు, కథకు ఎక్కింది.

చాగంటి సోమయాజులు 1915లో శ్రీకాకుళంలో పుట్టి, దత్తత వెళ్ళి విజయనగరంలో పెరిగారు. ఆయన ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ కథలో డబ్బు లేక చదువు ఆగిన పిల్లవాడికి బడి ముందు నుంచి నడవడమే శిక్ష. ‘కుంకుడాకు’లో గవరమ్మ పొయ్యిలోకి ఆకు ఏరుకునే పిల్ల. పేదింటి ఆడపిల్లకు బాల్యం ఆటలతో గాక పనితో మొదలవుతుందని ఆ కథ చెబుతుంది.

కాళీపట్నం రామారావు 1924లో మురపాకలో జన్మించారు. 1966లో వెలువడిన ఆయన ‘యజ్ఞం’ ఈ చర్చను చివరి అంచుకు తీసుకుపోతుంది. తీరని అప్పు తన కొడుకును కూడా కట్టుబానిసను చేస్తుందని గ్రహించిన సీతారాముడు ఆ పసివాడినే చంపుకుంటాడు. బాల్యస్మృతులన్నిటికీ ఒక షరతు ఉంది. జ్ఞాపకం చేసుకోవడానికి ఆ పిల్లవాడు బతికి, ఎదిగి, అక్షరం నేర్వాలి. ‘యజ్ఞం’లోని పిల్లవాడికి ఆ షరతే నెరవేరలేదు.

కొండప్రాంతపు బాల్యాల సంగతీ అంతే. పరుల అండతో చదువుకున్న గిడుగు, పెద్దయ్యాక సవరభాష తెలిసిన వ్యక్తిని తమ ఇంట్లోనే ఉంచుకుని ఆ భాష నేర్చారు. సవరపిల్లల కోసం బడులు నడిపారు. 1931లో సవరభాషా వ్యాకరణం వెలువరించారు. తాను పొందిన ఆశ్రయాన్ని, అది ఎన్నడూ దక్కని వారికి మళ్ళించిన అరుదైన ఉదాహరణ ఇది. మన్యపు జీవితాన్ని ఆ నేల మనుషులే చెప్పుకోవడం మాత్రం చాలా ఆలస్యంగా, మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’ వంటి కథాసంపుటాలతో బలపడింది.

7. ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలే అంశాలు మూడు. మొదటిది, ఈ ప్రాంతంలో ‘కుటుంబం’ అన్న మాట రక్తసంబంధానికి పరిమితమైనది కాదు. అన్నం పెట్టిన ఇల్లు, చోటిచ్చిన గురువు, దత్తత తీసుకున్న బంధువు అందులో భాగాలు. రెండవది, ఆ విశాలత్వానికి కులం, లింగం గోడలుగా నిలిచాయి. మూడవది, జ్ఞాపకం ఒక్కటే ఆధారమైతే గోడకు ఇవతలి బాల్యమే చరిత్ర అవుతుంది. అవతలి బాల్యం కోసం నాటకపు పీఠికలోని అంకెలను, కథలోని గవరమ్మను కూడా సాక్షులుగా పిలవాలి.

1997లో శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు నెలకొల్పిన ‘కథానిలయం’ విలువ ఈ కోణంలో మరింత పెరుగుతుంది. తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చే సంకల్పంతో పుట్టిన ఆ ఇల్లు, సొంత జ్ఞాపకాలు రాసుకోలేకపోయిన పిల్లలకు కూడా నీడ. నాటి ముచ్చట్లు చెప్పగల తరం వేగంగా తరలిపోతున్నది. వారాలు చేసినవారి మాటలతో పాటు వారాలు పెట్టిన ఇళ్ళలోని స్త్రీల మాటలను, బడి ముఖం చూడని వృద్ధుల మాటలను ఇప్పుడే నమోదు చేసుకోవాలి. విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖలు కలిసి చేయవలసిన పని ఇది. ఆలస్యమైతే మిగిలేది అరుగు మీద కూర్చున్నవారి కథ మాత్రమే.