ముత్తవ్వ పేరు ఏ రిజిస్టరులో ఉంది?

హాస్టలు అడ్మిషన్ ఫారంలో అమ్మానాన్నల పేర్లు రాయించుకున్నాక పిల్లల్ని మేము ఒక మాట అడుగుతుంటాం. మీ అవ్వ పేరేంటమ్మా? టక్కున చెబుతారు. అవ్వ వాళ్ళమ్మ పేరు? అక్కడ ఆగిపోతారు. ఒక పాప మాత్రం, "మా ముత్తవ్వ పేరు పోలీసు పుస్తకంలో ఉండేదంట, ఎవరికీ చెప్పొద్దన్నారు" అంది. ఆ చెప్పొద్దన్న మాట గురించే ఈ వ్యాసం.

ఇంటి చరిత్ర వెతుక్కోవడంలో ఐర్లండు వాళ్ళను చెప్పుకుంటారు. 1845లో అక్కడ బంగాళదుంప పంటకు తెగులు తగిలింది. ఆ తరువాతి కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు తగ్గని సంఖ్యలో జనం ఓడలెక్కి అమెరికా వంటి దేశాలకు వలసపోయారు. వాళ్ళ మునిమనవలు ఇవాళ ఓడల్లో ఎక్కినవాళ్ళ జాబితాలు, చర్చిల బాప్తిస్మ పుస్తకాలు, భూమి శిస్తు లెక్కలు తిరగేసి ఫలానా ఊరు, ఫలానా ఇల్లు అని తేల్చుకుంటున్నారు. వాళ్ళకీ అన్నీ దొరకవు. 1922లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు డబ్లిన్‌లోని రికార్డుల భవనం పేలి కాలిపోయింది. 1821 నుంచి 1851 వరకు తీసిన జనాభా లెక్కలు చాలావరకు అందులోనే పోయాయి. అయినా 1911 లెక్కల ఇంటింటి ఫారాలు మిగిలాయి. ఇంటి పెద్ద చేతిరాతతో సహా వాటిని ఇప్పుడు ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు.

అదే 1911లో, అదే తెల్లదొరల ప్రభుత్వం మనల్నీ లెక్కపెట్టింది. మనకు మిగిలినవి అంకెల పట్టికలే. ఏ జిల్లాలో ఎరుకలవారు ఎంతమంది అన్నది తెలుస్తుంది, ఏ ఇంట్లో ఎవరున్నారో తెలియదు. మన పేర్లు, వేలిముద్రలు తీసుకున్నది వేరే పుస్తకం. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని మార్చి మద్రాసు రాజధానికి తెచ్చింది కూడా ఆ 1911లోనే.

దానికి ముందు మనవాళ్ళు ఏం చేసేవాళ్ళు? మన శాఖల పేర్లలోనే జవాబుంది. ఉప్పు ఎరుకల, దబ్బ ఎరుకల, కరివేపాకు ఎరుకల. సింగరాయకొండకు ఉత్తరాన చినగంజాం, కనుపర్తి వైపు ఉప్పు కొఠార్లు ఉన్నాయి. మన ఉప్పు ఎరుకలవాళ్ళు సముద్రపు ఒడ్డున ఉప్పు ఎత్తి ఎద్దుల మీద, గాడిదల మీద పడమటి ఊళ్ళకు తోలుకుపోయి, ధాన్యం వేసుకుని వచ్చేవాళ్ళు. మద్రాసు ప్రభుత్వం 1805లోనే ఉప్పును తన గుత్త చేసుకుంది. 1882 అటవీ చట్టంతో వెదురుకు, పశువుల మేతకు ఆంక్షలొచ్చాయి. 1899 నాటికి బెజవాడ నుంచి గూడూరు మీదుగా మద్రాసుకు రైలు నడిచింది. మన స్టేషను ఉన్నది ఆ దారి మీదే. ఉప్పు బస్తాలు రైలెక్కాక ఎద్దుతో పనేముంది? తిరుగుతూ బతికే బేరం పోయింది, తిరగడమే నేరమైంది. సంచార జాతుల మీద పరిశోధన చేసిన మీనా రాధాకృష్ణ మన ఎరుకలవారి సంగతి తీసుకుని ఇదంతా వివరంగా రాశారు. ఇంగ్లీషు చదవగలిగిన పిల్లలు ఆ పుస్తకం చూడాలి.

ఆ రిజిస్టరులోకి ఎక్కడానికి దొంగతనం చెయ్యనక్కర్లేదు. ఆ జాతిలో పుడితే చాలు. పోలీసు ముందు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చెప్పి వెళ్ళాలి. తరువాత సెటిల్‌మెంట్లు వచ్చాయి. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపినది స్టువర్టుపురం. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరే దానికి పెట్టారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఇంకొకటి నడిపింది. స్టువర్టుపురం వాళ్ళు చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలికి వెళ్ళారు. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర నుంచి వేరుచేసి బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. హాస్టలు నడిపే మాకు ఆ ముక్క చదివినప్పుడు చెయ్యి ఆగింది. ఆదివారం కలవడానికొచ్చిన తల్లిని గేటు దగ్గర నిలబెట్టకూడదని మేము అనుకున్నది అప్పుడే.

మరి వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంట్లోనే. ఇంటిపేరు, తెగ (సాతుపాడి, కావడి, మానుపాడి, మేండ్రగుత్తి), అవ్వ పుట్టిన ఊరు, మేనరికం ఏ ఊరి వాళ్ళతో కలిసిందో రాసుకోండి. కుర్రు మాటలు వస్తే కుర్రులోనే రాసుకోండి. ఆ తరువాత తాత చదివిన బడి అడ్మిషన్ రిజిస్టరు, పాత పట్టా, అడంగల్ చూడండి. జిల్లా విషయంలో జాగ్రత్త. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. అంతకుముందు మన కందుకూరు తాలూకా నెల్లూరు జిల్లాది. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరులో ఉండి, తరువాత గుంటూరులో కలిసింది. కనుక ముత్తాత కాగితం నెల్లూరు కట్టలో ఉంటే ఆశ్చర్యపోవద్దు.

సెటిల్‌మెంట్ల మీద నడిచిన ప్రభుత్వ ఉత్తర్వులకు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్ చూడాలి. సాల్వేషన్ ఆర్మీ పాత కాగితాలకు లండన్‌లో వాళ్ళదే ఒక కేంద్రం ఉంది. అక్కడ ఎరుకల అన్న మాట ఒక్కటే వెతికితే చాలదు. కొరవ, కొరచ అన్న పేర్ల కింద కూడా మనవాళ్ళే ఉంటారు. దొరలు చెవికి వినపడినట్టు రాసుకున్న పేర్లు కాబట్టి ఒక్కో పేరును నాలుగైదు రకాలుగా పైకి చదివి చూడాలి.

ఇక సిగ్గు సంగతి. ఐర్లండు నుంచి ఖైదీలుగా ఆస్ట్రేలియాకు పంపబడినవాళ్ళ పిల్లలు చాలా కాలం ఆ మాట దాచారు. ఇప్పుడు ఖైదీల జాబితాలో తమ పూర్వీకుడి పేరు దొరికితే ఇంటిల్లిపాదికీ చూపించుకుంటారు. వాళ్ళవాళ్ళకు కోర్టు ఏదో ఒక శిక్ష వేసింది. మన ముత్తవ్వలకు ఆ విచారణ కూడా లేదు. ఇందులో దాచవలసినవాళ్ళు ఎవరో మీరే చెప్పండి.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ఆ రోజుకు ఊహ తెలిసిన అవ్వలు, తాతలు ఎనభై దాటి ఉన్నారు. పోయిన సంక్రాంతి సెలవులకు ఇళ్ళకు వెళ్ళే పిల్లలకు మేము తలా ఒక నోటుబుక్కు ఇచ్చి పంపాం. పోలీసు పుస్తకం సంగతి చెప్పిన పాప తిరిగొచ్చి మొదటి పేజీ చూపించింది. ముత్తవ్వ పేరు, పక్కన ఊరు, కింద చిన్న అక్షరాలతో "ఉప్పు అమ్మేది" అని ఉంది.