కుంపటి చుట్టూ బేరాలు

2019 చలికాలం నేను అమెరికాలో, సెయింట్ లూయీస్ నగరంలో, మా అమ్మాయి ఇంట్లో గడిపాను. ముప్ఫై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాడికి మంచు కురిసే ఊళ్ళో పనేముంటుంది? పొద్దున పూట వీధి చివరి మంగలిషాపుకు పోయి కూర్చునేవాణ్ణి. క్షవరానికి వచ్చేవాళ్ళకన్న కబుర్లకు వచ్చేవాళ్ళే అక్కడ ఎక్కువ. ఆ కబుర్లలో నూటికి తొంభై పాళ్ళు ఒకటే విషయం: ఊరి బేస్‌బాల్ జట్టు కార్డినల్స్ ఈ చలికాలంలో ఎవరిని వదిలించుకోవాలి, ఎవరిని తెచ్చుకోవాలి?

ఆ దేశంలో బేస్‌బాల్ పోటీలు అక్టోబరుతో ముగుస్తాయి. మళ్ళీ మార్చి ఆఖరుదాకా అసలు ఆట ఉండదు. ఈ మధ్యకాలంలో జట్లవాళ్ళు ఆటగాళ్ళను ఒకరికొకరు మార్చుకుంటారు. ఎవరికెవరు సరితూగుతారో అభిమానులు వాదించుకుంటారు. పూర్వం పల్లెటూరి అంగళ్ళలో ఇనప కుంపటి చుట్టూ చేరి ఈ వాదాలు చేసేవాళ్ళట. అంచేత వీటికి "హాట్ స్టవ్ లీగ్" అని పేరు నిలిచిపోయింది. ఆ ఏడు అందరి నోళ్ళలో నానిన పేరు కొలరాడో జట్టు మూడో బేసు ఆటగాడు నోలన్ ఆరెనాడో. "వాణ్ణి తెద్దాం, ఇద్దరు కుర్ర పిచ్చర్లను ఇచ్చేద్దాం" అని ఒకడంటే, "ఒకణ్ణి ఇస్తే చాలు, రెండోవాడు మూడేళ్ళకు పండుతాడు" అని మరొకడు. ఇలా అనేవాళ్ళు ఎవరు? ఒకడు ఎలక్ట్రీషియన్, ఒకడు స్కూలు బస్సు డ్రైవరు, ఒకాయన బీరు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ముసలాయన. వీళ్ళలో ఒక్కడికీ ఆ జట్టులో దమ్మిడీ వాటా లేదు. అయినా ప్రతివాడూ "మనం ఇచ్చేద్దాం" అనేవాడే.

నేను మొదట నవ్వుకున్నాను. తరవాత గుర్తొచ్చింది: మా కాలేజీ స్టాఫ్ రూములోనూ ఇదే జరిగేది. 2008 ఫిబ్రవరిలో ముంబాయిలో క్రికెట్ ఆటగాళ్ళను మొదటిసారి వేలం వేసినప్పుడు, అభ్యుదయవాదులమని చెప్పుకునే మేమంతా ఎవరు చవగ్గా దొరికారు, ఎవరికి ఎక్కువ పోశారు అని లెక్కలు కట్టాం. సుత్తి దెబ్బ మీద మనిషికి ధర పడటం మాలో ఎవరికీ వింతగా తోచలేదు. కూలీ రేట్ల చరిత్ర చెప్పేవాణ్ణి, నాకూ తోచలేదు.

కనక ఈ "మనం" అనే మాట ఎక్కణ్ణించి వచ్చిందో వెతకాలనిపించింది. ఆ చలికాలమంతా నగర గ్రంథాలయంలో అదే పని.

ఒక జట్టు తన ఆటగాణ్ణి మరో జట్టుకు ఇవ్వాలంటే ముందు ఆ ఆటగాడు దాని సొంతమై ఉండాలి. అతను తన ఇష్టాన వెళ్ళిపోగలవాడైతే అతన్ని అమ్మేదెట్లా? ఈ సొంతం అనాదిగా వచ్చింది కాదు. నేషనల్ లీగ్ 1876లో పుట్టింది. మొదట్లో ఏడాది ఒప్పందం ముగియగానే ఆటగాడు ఎక్కువ ఇచ్చేవాడి దగ్గరికి పోయేవాడు. యజమానుల ఖర్చులో పెద్ద భాగం జీతాలే. 1879 సెప్టెంబరులో వాళ్ళు రహస్యంగా ఒక ఒడంబడిక చేసుకున్నారు: ఒక్కొక్క జట్టు అయిదుగురు ఆటగాళ్ళను తనకని అట్టే పెట్టుకోవచ్చు, మిగతా జట్లు వాళ్ళ జోలికి పోరాదు. అయిదుగురు కొన్నేళ్ళలోనే మొత్తం జట్టయింది. రహస్యం ఒప్పంద పత్రంలోకి ఎక్కింది. జట్టు కోరితే ఒప్పందాన్ని మరో ఏడాదికి పొడిగించవచ్చునని ఆ షరతు. పొడిగించిన ఒప్పందంలోనూ అదే షరతు ఉంటుంది గనక మళ్ళీ పొడిగించవచ్చు, ఆపైన మళ్ళీ. ఒక ఏడాది అన్న మాటను యజమానులు యావజ్జీవం అని చదువుకున్నారు. దీన్నే రిజర్వు నిబంధన అన్నారు. చలికాలపు బేరాలకు పునాది ఇదే.

ఆటగాళ్ళు నోరు మూసుకుని ఊరుకున్నారనుకోకూడదు. జాన్ మాంట్‌గమరీ వార్డ్ అనే ఆటగాడు న్యాయశాస్త్రం చదివినవాడు. 1885లో ఆటగాళ్ళ సంఘం పెట్టాడు. 1887లో, ఆటగాడు మనిషా లేక ఒకరి జంగమాస్తా అని అడుగుతూ ఒక పత్రికలో వ్యాసం రాశాడు. బానిసత్వం రద్దై అప్పటికి పాతికేళ్ళయినా నిండలేదు. 1890లో ఆ సంఘంవాళ్ళు సొంతంగా ఒక లీగే నడిపారు. అది ఒక్క ఏడాదితో కూలింది. ప్రేక్షకులు రాకనే కాదు, మదుపు పెట్టిన ధనికులు వెనకనుంచి పోయి పాత యజమానులతో రాజీపడ్డారు. సహకారసంఘాల చరిత్ర తెలిసిన మన పాఠకులకు ఈ కథ కొత్తది కాదు.

ఆ తరవాత యజమానికి అడ్డు లేదు. 1914లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టు లీగులో మొదటి స్థానంలో నిలిచింది. ఆ చలికాలమే దాని అధిపతి కానీ మాక్ జట్టును విప్పటం మొదలుపెట్టాడు. ఎడ్డీ కాలిన్స్‌ను 50,000 డాలర్లకు షికాగోకు అమ్మాడు. 1916లో ఆ జట్టు 36 ఆటలు గెలిచి 117 ఓడింది. 1919 డిసెంబరులో బాస్టన్ యజమాని బేబ్ రూత్‌ను న్యూయార్కుకు అమ్మాడు. బాస్టన్ అభిమానులు ఆ అమ్మకాన్ని తరతరాలు తిట్టుకున్నారు. వాళ్ళు తిట్టింది బేరం చెడ్డదని, మనిషిని బేరం పెట్టినందుకు కాదు. 1922లో దేశపు సుప్రీం కోర్టు బేస్‌బాల్ రాష్ట్రాల మధ్య జరిగే వాణిజ్యం కిందికి రాదనీ, గుత్తాధిపత్య నిరోధక చట్టం దానికి వర్తించదనీ తేల్చింది. జట్లు రైళ్ళలో రాష్ట్రాలు దాటి తిరిగి టిక్కెట్లమ్ముకుంటున్నా అది వాణిజ్యం కాకపోయింది!

ఇక్కడ ఒక చిక్కు మనిషి ప్రస్తావన తప్పదు. బ్రాంచ్ రికీ ఇదే సెయింట్ లూయీస్‌లో చిన్న ఊళ్ళ జట్లను కూడగట్టి, ఆటగాళ్ళను "పండించే" పద్ధతి తెచ్చాడు. మంగలిషాపు వాళ్ళు "పండుతాడు" అన్నది వాళ్ళకు తెలియకుండానే రికీ భాష. అదే రికీ బ్రూక్లిన్‌కు పోయి, 1947లో జాకీ రాబిన్‌సన్‌ను దింపి వర్ణనిషేధాన్ని బద్దలుకొట్టాడు. అది చారిత్రకంగా గొప్ప పని, సందేహం లేదు. కాని రాబిన్‌సన్ అంతకుముందు ఆడిన నల్లవారి జట్టు కాన్సస్ సిటీ మొనార్క్స్‌కు రికీ ఒక్క డాలరూ ఇవ్వలేదు. తెల్ల యజమానుల మధ్య పవిత్రమైన ఆస్తిహక్కు నల్లవారి జట్టు దగ్గర ఏమైందని అడిగినవాడు లేడు. రాబిన్‌సన్‌నూ 1956 డిసెంబరులో ఆజన్మశత్రువు లాంటి జెయింట్స్ జట్టుకు ఇచ్చేశారు. అప్పటికే ఆట మానాలని నిశ్చయించుకున్న ఆయన ఆ జట్టులో అడుగు పెట్టలేదు.

ఇక కర్ట్ ఫ్లడ్. మంగలిషాపు ముసలాయన ఈ పేరు చెప్పగానే కాస్సేపు మాట్లాడలేదు. "నా కళ్ళారా చూశాను. సెంటర్ ఫీల్డులో అటువంటివాడు మళ్ళీ రాలేదు" అన్నాడు.

ఫ్లడ్ ఓక్లండ్‌లో పెరిగిన నల్లవాడు. పద్ధెనిమిది, పందొమ్మిదేళ్ళ వయసులో దక్షిణాది చిన్న జట్లలో ఆడుతూ తోటి ఆటగాళ్ళతో కలిసి భోజనం చెయ్యటానికి వీల్లేని రోజులు చూశాడు. 1957 డిసెంబరులో వెనిజులాలో ఆడుతూండగా, తనను సెయింట్ లూయీస్‌కు ఇచ్చేశారని తెలిసింది. అప్పటికి పందొమ్మిదేళ్ళు. ఇక్కడ పన్నెండు సీజన్లు ఆడాడు. 1964లోనూ 1967లోనూ జట్టు ప్రపంచ పోటీ గెలిచింది. 1969 మార్చిలో జట్టు యజమాని, బీరు కంపెనీ అధిపతి బుష్, ఆటగాళ్ళను కూర్చోబెట్టి, పత్రికలవాళ్ళ ఎదటే, మీకు డబ్బు యావ ఎక్కువైందని పాఠం చెప్పాడు. అక్టోబరు 7న ఫ్లడ్‌నూ మరి ముగ్గురినీ ఫిలడెల్ఫియాకిచ్చి, డిక్ ఆలన్‌నూ మరి ఇద్దరినీ తెచ్చుకున్నారు. ఈ సంగతి ఫ్లడ్‌కు చెప్పింది యజమాని కాదు. ఆఫీసులో ఒక ఉద్యోగి తెల్లవారుజామున ఫోను చేశాడు.

ఫ్లడ్ పోనన్నాడు. డిసెంబరు 24న లీగుల కమిషనరు కూన్‌కు ఉత్తరం రాశాడు: తన ఇష్టంతో నిమిత్తం లేకుండా కొని అమ్మటానికి తాను ఒక ఆస్తి కాదనీ, ఇతర జట్ల మాట కూడా వినే హక్కు తనకుందనీ. కూన్ జవాబు చదవదగ్గది: మనిషిగా మీరు ఆస్తి కారని ఒప్పుకుంటాను, కాని దానికీ దీనికీ సంబంధం ఏమిటో నాకు బోధపడలేదు!

అంతకుముందే ఫ్లడ్ ఆటగాళ్ళ సంఘం దగ్గరికి వెళ్ళాడు. సంఘాన్ని 1966 నుంచి నడిపిస్తున్న మార్విన్ మిల్లర్ ఉక్కు కార్మికుల యూనియన్ నుంచి వచ్చినవాడు. ఆయన అబద్ధపు ఆశలు పెట్టలేదు. కేసు ఓడిపోతావు, రెండేళ్ళు పోతాయి, ఇక ముందు ఏ జట్టూ నీకు కోచి పని కూడా ఇవ్వదు అన్నాడు. తక్కిన ఆటగాళ్ళకు మేలు జరుగుతుందా అని ఫ్లడ్ అడిగాడు. జరుగుతుందన్నాడు మిల్లర్. అయితే సరేనన్నాడు ఫ్లడ్.

ఏడాదికి 90,000 డాలర్లు తీసుకునేవాడు బానిసా అని అప్పటి పత్రికలు వెక్కిరించాయి. మన విద్యార్థి మిత్రుల్లోనూ కొందరు అడుగుతారు: ఇంత జీతగాడి బాధ కార్మికవర్గ చరిత్రలోకి ఎట్లా వస్తుందని. ఈ ప్రశ్న తోసెయ్యదగ్గది కాదు. ఫిలడెల్ఫియా లక్ష డాలర్లు ఇవ్వజూపింది. రెక్కలు ముక్కలు చేసుకునే బస్సు డ్రైవరు కంటికి ఫ్లడ్ ధనికుడే. అయితే "పెట్టుబడి" మొదటి సంపుటంలో మార్క్స్ చేసిన విభజన ఇక్కడే అక్కరకొస్తుంది. శ్రామికుడు తన శ్రమశక్తిని ఒక గడువుకే అమ్ముతాడు. గడువు లేకుండా అమ్మితే తన్ను తాను అమ్ముకున్నవాడై, సరుకు గల మనిషి కాస్తా తానే సరుకవుతాడు. ఇందులో జీతం ఎంతన్న ప్రశ్నే లేదు. మార్క్స్ ఎరగని వింత ఏమంటే, ఈ సరుకుకు ముఖం ఉంది, పేరుంది, దాన్ని ప్రేమించేవాళ్ళు లక్షలమంది ఉన్నారు. వాళ్ళే చలికాలంలో దానికి వెల కడతారు.

1970 మేలో న్యూయార్కులో విచారణ జరిగింది. జాకీ రాబిన్‌సన్ వచ్చి ఫ్లడ్ పక్షాన సాక్ష్యం చెప్పాడు. ఆడుతున్న ఆటగాడు ఒక్కడూ కోర్టులో కూర్చోటానికి రాలేదు. భయం. వాళ్ళను తప్పు పట్టటానికి నాకు నోరు రాదు. సమ్మెలప్పుడు నా సహాధ్యాపకులు కొందరు సెలవు పెట్టి ఊళ్ళకు పోవటం ఎరుగుదును. 1972 జూన్ 19న సుప్రీం కోర్టు 5-3 తేడాతో ఫ్లడ్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. తీర్పు రాసిన బ్లాక్‌మన్ మొదటి భాగమంతా ఆట ఘనతనే పొగిడి, ఎనభై మందికి పైగా పాత ఆటగాళ్ళ పేర్లు వల్లించాడు. 1922 తీర్పు అసంగతమని ఒప్పుకుంటూనే, సరిచెయ్యవలసింది పార్లమెంటన్నాడు. చూడండి, న్యాయమూర్తి కూడా కుంపటి దగ్గర కూర్చున్నవాడే!

ఫ్లడ్ 1970 అంతా ఆడలేదు. 1971లో వాషింగ్టన్ జట్టుకు 13 ఆటలు ఆడి దేశం వదిలి వెళ్ళిపోయాడు.

కాని మిల్లర్ అన్నమాట నిజమైంది. పదేళ్ళు ఆడి, చివరి అయిదేళ్ళూ ఒకే జట్టులో ఉన్నవాణ్ణి అతని అంగీకారం లేకుండా మార్చకూడదనే షరతును 1973లో సంఘం సాధించింది. 1975లో లాస్ ఏంజెలీస్ పిచ్చర్ ఆండీ మెసర్‌స్మిత్, తనను ఎవరికీ ఇచ్చెయ్యకూడదనే షరతు ఒప్పందంలో రాయమన్నాడు. యాజమాన్యం రాయనంది. అతను సంతకం చెయ్యకుండానే ఆ ఏడాది ఆడాడు. డిసెంబరు 23న మధ్యవర్తి పీటర్ సైట్జ్, ఒక ఏడాదంటే ఒక ఏడాదే అని తీర్పు చెప్పాడు. యజమానులు వెంటనే ఆయన్ను తీసేశారు. తీర్పును మాత్రం కోర్టులు తీసెయ్యలేదు. 1976 ఒప్పందంలో, ఆరేళ్ళ సర్వీసు తరవాత ఆటగాడికి స్వేచ్ఛ అని రాజీ కుదిరింది. ఓక్లండ్ యజమాని ఫిన్లీ ఒక్కడే, అందర్నీ ఏటేటా వదిలెయ్యండి, సంతలో సరుకు పెరిగి ధర పడిపోతుందని అరిచాడట. యజమానుల్లో అసలైన అర్థశాస్త్రం తెలిసింది వాడికే. మిల్లర్ భయపడిందీ అందుకే.

ఆ ఆరేళ్ళ లోపలివాళ్ళ మాట? ఈనాటి కుంపటి వాదాల్లో ఎక్కువగా వినబడే మాట "పునర్నిర్మాణం". పంచవర్ష ప్రణాళికల రోజుల్లో మనమెంతో ప్రేమించిన మాట అది. వాళ్ళ అర్థం వేరు: ఖరీదైన ఆటగాళ్ళను ఇచ్చేసి, చవకైన కుర్రాళ్ళను పోగుచేసుకుని, కొన్నేళ్ళు ఓడుతూ ఉండటం. 2022 దాకా ఎంత ఓడితే కొత్త ఆటగాళ్ళ ఎంపికలో అంత ముందు వంతు ఉండేది. హ్యూస్టన్ 2011లో 106, 2012లో 107, 2013లో 111 ఆటలు ఓడింది. 2017లో ప్రపంచ పోటీ గెలిచింది. ఆ గెలుపులో దొంగచూపులు కూడా ఉన్నాయని దరిమిలా బయటపడింది. అది వేరే కథ. జీతాల పొదుపును అభిమాని శాస్త్రంగా నేర్చుకున్నాడు. మంగలిషాపులో ఎలక్ట్రీషియన్ నాకు ఆ లెక్కలు కాగితం మీద వేసి చూపించాడు. అతని యూనియన్ జీతం గురించి మేస్త్రీ ఇదే కాగితం చూపిస్తే ఏమంటావని అడిగాను. "అది వేరు" అన్నాడు. కాస్త ఆగి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నేను తిరిగొచ్చాక, 2021 ఫిబ్రవరిలో ఆరెనాడో నిజంగానే సెయింట్ లూయీస్‌కు వచ్చాడు. అతని ఒప్పందంలో మార్పిడికి అతని అంగీకారం కావాలనే షరతు ఉంది, అతను సరేనన్నాడు. 2024 డిసెంబరులో హ్యూస్టన్‌కు ఇవ్వబోతే వద్దన్నాడు. ఫ్లడ్‌కు లేని నోరు అది. కాని 2021లో అతనికి బదులుగా కొలరాడోకు వెళ్ళిన అయిదుగురినీ ఎవరూ అడగనక్కర్లేకపోయింది. అందులో నలుగురు ఇంకా పెద్ద లీగు మెట్టెక్కనివాళ్ళు.

ఫ్లడ్ 1997 జనవరిలో చనిపోయాడు. మరుసటేడు పార్లమెంటు ఆయన పేరుతోనే ఒక చట్టం చేసి, పెద్ద లీగుల ఆటగాళ్ళకు గుత్తాధిపత్య నిరోధక చట్టపు రక్షణ ఇచ్చింది. చిన్న లీగులవాళ్ళను అందులోంచి ప్రత్యేకంగా మినహాయించింది. 2018లో మరో చట్టం వాళ్ళకు ఓవర్‌టైము హక్కు కూడా లేదన్నది. వాళ్ళు 2022 సెప్టెంబరులో మిల్లర్ కట్టిన సంఘంలోనే చేరి, 2023లో మొదటి ఒప్పందం మీద సంతకం చేశారు. ఆ వార్త వచ్చిన రోజు మా అమ్మాయికి ఫోను చేసి, ముసలాయనకు చెప్పమన్నాను. ఆయన అప్పటికే విన్నాడట. జీతాలు పెరిగితే కుర్ర పిచ్చర్లు ప్రియమవుతారేమోనని మంగలిషాపులో ఆ పొద్దున్నే వాదన మొదలైందట.