కొల్లేటి సీమ నుంచి వెళ్లిన నమూనాలు

రోగి ఒకచోట, పరీక్ష మరోచోట ఉండటం ఏలూరు ప్రాంతానికి పాత సంగతే. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు ముఖ్యపట్టణమయ్యేనాటికి ఈ సీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ప్రజారోగ్య పరీక్షలకు పెద్ద దిక్కు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. 1958లో పోషకాహార పరిశోధన కేంద్రం కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చాక (1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ) తిండికి సంబంధించిన చిక్కు ప్రశ్నలు అక్కడికి చేరసాగాయి. దూరం కొంత తగ్గిందే తప్ప తీరలేదు.

జిల్లా ఏర్పడిన ఆ 1925లోనే, ఈ నేలలో పుట్టినవాడొకడు పరీక్షను రోగి దగ్గరికి తెచ్చే పని ఒకటి చేశాడు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేస్తూ రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించాడు. అంతకుముందు హైడ్రోక్వినోన్‌తో చేసే పరీక్షలో రంగు నిలకడగా ఉండేది కాదు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిలో ముందు రక్తంలోని మాంసకృత్తులను ఆమ్లంతో విరగ్గొట్టి వడకడతారు. తేరిన ద్రవంలో అమ్మోనియం మాలిబ్డేట్, ఆపైన ఒక క్షయకరణి కలుపుతారు. నిమిషాల్లో నీలం తేలుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఉంటే నీలం అంత చిక్కన. ఆ రోజుల్లో దాన్ని కొలిచే సాధనం డ్యుబోస్క్ కలరిమీటర్. రెండు గాజు పాత్రల్లో ఒకదాంట్లో తెలిసిన ద్రావణం, రెండోదాంట్లో రోగి ద్రావణం పోసి, ఒకే కంటిగొట్టంలోంచి చూస్తూ, సగం సగంగా కనిపించే రెండు నీలాలూ ఒకటయ్యేదాకా పాత్రను పైకీ కిందికీ జరిపేవారు. పరీక్షకుడి కన్నే కొలబద్ద. రికెట్స్, మూత్రపిండాల జబ్బుల్లో ఇది అక్కరకొచ్చింది. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని 1927లో బయటపడింది కూడా ఈ నీలం దారినే. భారీ యంత్రం అక్కర్లేకుండా చిన్న ప్రయోగశాలలోనూ చేయగలగడం దీని బలం.

అదే మాలిబ్డినం నీలం, వేరే క్షయకరణితో, ఈనాడు చెరువు నీటిలో ఫాస్ఫేట్ చూడటానికి పనికొస్తోంది. నిజానికి కొల్లేటి సరస్సు చుట్టుపట్ల ల్యాబు అనే మాట మామూలు రైతు నోటికి వచ్చింది చెరువుల వల్లే. 1994-95లో తెల్లమచ్చ వైరస్ కోస్తా రొయ్యల చెరువులను ఊడ్చేసింది. ఆ దెబ్బకు రొయ్య పిల్లను వదిలేముందు వైరస్ కోసం పీసీఆర్ పరీక్ష చేయించడం, పీహెచ్, అమ్మోనియా, ఆల్కలినిటీ చూపించుకోవడం సాగులో భాగమయ్యాయి. 2002 ప్రాంతంలో మన రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ జాడలున్నాయని యూరప్ సరుకు ఆపేసింది. క్లోరాంఫెనికాల్‌కు యూరప్ అప్పట్లో పెట్టుకున్న గీత కిలోకు 0.3 మైక్రోగ్రాములు. అంత సూక్ష్మాన్ని పట్టాలంటే కంటితో పని కాదు. ఎలైసాలు, మాస్ స్పెక్ట్రోమీటర్లు కావాలి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా నాణ్యతా పరీక్షల ల్యాబును భీమవరంలోనే పెట్టింది. తినేవాడు వేరే దేశంలో ఉంటే పరీక్ష ఊరి దగ్గరికి వచ్చిందన్నమాట. దేశం లోపల తినేవాడికి అంత వేగంగా రాలేదు. 2018 జూలైలో ఆంధ్ర చేపల్లో ఫార్మాలిన్ ఉందంటూ అస్సాం కొన్నాళ్లు దిగుమతి ఆపేసినప్పుడు, కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐసు పెట్టెల్లో బొచ్చె, శీలావతి పంపే వ్యాపారులు ఇరకాటంలో పడ్డారు. ఫార్మాల్డిహైడ్ కొన్ని చేపల్లో సహజంగానూ పుడుతుంది. దొరికినంత మాత్రాన ఎవరో పోశారని చెప్పడానికి లేదు.

దొరకడం వేరు, కారణం కావడం వేరు. ఈ తేడా 2020 డిసెంబరులో ఏలూరుకు ఎదురైంది. 5వ తేదీకల్లా వన్ టౌన్‌లోని దక్షిణ వీధి, పడమర వీధి, కొత్తపేట వైపు నుంచి జనం ప్రభుత్వాసుపత్రికి రావడం పెరిగింది. ఉన్నట్టుండి ఫిట్స్, కొన్ని నిమిషాల పాటు స్పృహ లేకపోవడం, కొందరికి కాసేపు మతిమరుపు, వాంతులు. చాలామంది కొన్ని గంటల్లో తేరుకుని ఇంటికి వెళ్లారు. వారం తిరిగేసరికి బాధితుల సంఖ్య ఆరు వందలు దాటింది, ఒకరు మరణించారు. ఆడా మగా, పిల్లా పెద్దా తేడా లేదు. కోవిడ్ కాదు. సీటీ స్కాన్లలో, వెన్నుద్రవం పరీక్షల్లో చెప్పుకోదగ్గదేమీ లేదు. మునిసిపల్ నీరు తాగనివారూ బాధితుల్లో ఉన్నారు.

అప్పుడు నమూనాలు నలుదిక్కులా బయల్దేరాయి. రక్తం ఢిల్లీ, మంగళగిరి ఎయిమ్స్‌లకు, కూరగాయలు, బియ్యం, నీళ్లు, రక్తం హైదరాబాదులోని పోషకాహార సంస్థకు, నీళ్లు జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరీకి వెళ్లాయి. ఢిల్లీ నుంచి మొదట వచ్చిన మాట సీసం, నికెల్. పత్రికలు దాన్నే పట్టుకున్నాయి. అయితే సీసం ఒక్క రాత్రిలో వందల ఇళ్లను తాకి, రెండు గంటల్లో వదిలి వెళ్లే లోహం కాదు. నికెల్ విషయంలో ఇంకో మెలిక ఉంది. రక్తం తీసే స్టీలు సూది నుంచి కూడా కాస్త నికెల్ రాలవచ్చు కాబట్టి ఈ పరీక్షకు ప్రత్యేక జాగ్రత్తలతో నమూనా తీయాలి. పోషకాహార సంస్థ పురుగుమందుల దారి పట్టింది. రక్త నమూనాల్లో ట్రయజోఫాస్ అనే ఆర్గానోఫాస్ఫరస్ మందు జాడలు దానికి కనిపించాయి. డిసెంబరు 16న నిపుణులతో జరిగిన సమీక్షలో ఢిల్లీ ఎయిమ్స్, నీరీ కూడా పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమై ఉండాలన్నాయి. అవి శరీరంలోకి ఏ దారిన చేరాయో తేల్చడానికి దీర్ఘకాల అధ్యయనం కావాలన్నాయి.

ఆర్గానోఫాస్ఫరస్ మందుల తీరే పరీక్షకు ప్రతికూలం. అవి నరాల్లోని కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయి, శరీరం వాటిని త్వరగా విరగ్గొట్టి మూత్రంలో పంపేస్తుంది. కోలినెస్టరేజ్ పరీక్ష ఆసుపత్రి ల్యాబులోనే చేయదగినది. మందు పేరు తేల్చాలంటే మాత్రం మాస్ స్పెక్ట్రోమీటరు, తొలి గంటల్లో తీసి చల్లగా దాచిన రక్తం రెండూ ఉండాలి. నీటి సంగతి మరీ కష్టం. ఏలూరుకు కృష్ణా, గోదావరి కాలువలు రెండూ నీళ్లిస్తాయి, డెల్టా మురుగు కొల్లేటికి పోతుంది. శనివారం కాలువలో వెళ్లినది సోమవారం అక్కడ ఉండదు.

ట్రయజోఫాస్‌ను కేంద్రం 2018లోనే నిషేధిత జాబితాలో చేర్చింది. నిషేధం అమల్లోకి వచ్చింది 2020 డిసెంబరు 31న, ఏలూరు ఆసుపత్రి నిండిన నాటికి సరిగ్గా ఇరవై ఆరు రోజుల తర్వాత.