నాన్న జీపు సీటు కింద రేకు డబ్బా, లిబియా ఎడారి లారీలు

 పోస్టు కొంచెం పెద్దదే. మూడు రోజులుగా హాస్టల్లో స్టడీ అవర్ అయ్యాక కొంచెం కొంచెం రాస్తున్నా. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ఇది చరిత్రే గానీ రాజుల చరిత్ర కాదు. రోడ్డు లేని చోటికి పోయే బండిలో ఏ సామాను పెట్టుకోవాలి, ఎందుకు పెట్టుకోవాలి అనే దాని చరిత్ర.

ముందు మా నాన్న సంగతి చెప్పాలి. నాన్న పాడేరు వైపు సంత జీపు నడుపుతాడు. డ్రైవర్ సీటు కింద ఒక రేకు డబ్బా ఉంటుంది. అందులో పానాలు, కటింగ్ ప్లేరు, రేడియేటర్ పైపు ముక్క, క్లిప్పులు, కట్టుతీగ చుట్ట, సైకిల్ ట్యూబు ముక్కలు, ఒక సబ్బుబిళ్ల, రెండు ఫ్యాన్ బెల్టులు. వెనకాల జాకీ, టామీ రాడ్డు, స్టెప్నీ, పలుగు, పార, మోకు తాడు, టైరు కింద పెట్టే చెక్క దిమ్మలు. సెలవుల్లో నాన్నతో వెళ్తే నా పని టార్చి పట్టుకోవడం. బండి కింద పడుకుని "పన్నెండు-పదమూడు ఇయ్యమ్మా" అంటే చీకట్లో తడిమి ఆ పానా తీసి ఇచ్చేదాన్ని.

కాలేజీలో చేరిన రోజు ఫారంలో తండ్రి వృత్తి దగ్గర డ్రైవర్ అని రాశాను. చదువు దగ్గర గీత పెట్టాను. పక్కనున్న అమ్మాయి చూస్తుందేమో అని చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఆ చెయ్యి అడ్డం పెట్టడం గురించి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ చెప్తున్నా.

ఈ ఏడాది సెమినార్‌కి నాకు రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా వచ్చింది. రోమెల్, మాంట్‌గోమరీ, ట్యాంకులు అని మొదలుపెట్టాను. చదువుతుంటే లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అనే చిన్న దళం గురించి తెలిసింది. వాళ్లు లారీల్లో ఏమేం వేసుకునేవాళ్లో చదువుతుంటే నాకు నాన్న డబ్బానే కనబడింది.

కథ యుద్ధానికి చాలా ముందే మొదలైంది. 1920లలో ఈజిప్టులో బ్రిటిష్ సైన్యం ఉండేది. అందులో రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే ఇంజనీరు అధికారి సెలవు దొరికితే స్నేహితులతో కలిసి ఫోర్డ్ కార్లలో ఎడారిలోకి పోయేవాడు. ముందు మోడల్ టి, తరవాత మోడల్ ఏ. ఇప్పటి నాలుగు చక్రాల డ్రైవ్ బండ్లు కావవి, మామూలు కార్లు. ఈజిప్టుకి, లిబియాకి మధ్య ఇసుక దిబ్బలు వందల కిలోమీటర్లు సముద్రంలా ఉంటాయి. అక్కడ బండి ఆగిపోతే పిలిస్తే వచ్చేవాళ్లు లేరు. అందుకే బయల్దేరే ముందే ఆలోచించాలి.

వాళ్లకి మొదటి కష్టం ఇసుకలో చక్రం దిగిపోవడం. బాగ్నోల్డ్ కైరోలో పాత ఇనుప సామాన్ల దుకాణంలో ఉక్కు రేకు పట్టీలు చూశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల పైకప్పులకి వాడిన రకం. అవి కొని బండికి తగిలించాడు. చక్రం దిగిపోతే ముందర ఇసుక తవ్వి, పట్టీ పరిచి, దాని మీద బండి ఎక్కించి లాగేవాళ్లు. టైర్లలో గాలి తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుందని కూడా పట్టుకున్నారు. ఇప్పుడు ఎడారికి పోయే చాలా బండ్ల పక్కన ఉండే పట్టీలు చేసేదీ అదే పని.

రెండో కష్టం నీళ్లు. ఎండకి ఇంజను మరిగి రేడియేటర్‌లో నీళ్లు ఆవిరై పోయేవి. తాగే నీళ్లు ఇంజనుకి పోస్తే మనిషి బతకడు, పోయకపోతే బండి బతకదు. వాళ్లు రేడియేటర్ ఆవిరి పోయే గొట్టానికి పైపు తగిలించి, సగం నీళ్లున్న డబ్బాలోకి ఆ పైపుని దింపారు. ఆవిరి డబ్బాలో చల్లబడి నీరవుతుంది. ఇంజను చల్లారాక రేడియేటర్ ఆ నీటిని మళ్లీ తనలోకి పీల్చుకుంటుంది. డబ్బా కూడా మరిగిపోతే బండిని గాలికి ఎదురుగా తిప్పి ఆపి కాసేపు ఆగేవాళ్లు. అంతే. ఒక డబ్బా, ఒక పైపు.

మూడోది దారి. దిక్సూచిని బండిలో పెడితే బండి ఇనుము వల్ల ముల్లు తప్పుగా తిరుగుతుంది. అందుకని గుండ్రటి పలక మీద నిలువుగా పుల్ల పెట్టి, దాని నీడని బట్టి దిక్కు చూసే సూర్య దిక్సూచి తయారు చేసుకున్నారు. పొద్దు నీడ చూసి టైము చెప్పే మన తాతలకి ఇది ఎవరూ వివరించక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే చరిత్ర సగమే అవుతుంది. 1931 జనవరిలో ఇటలీ సైన్యం లిబియాలోని కుఫ్రా ఒయాసిస్సుని పట్టుకుంది. అక్కడి జనం ప్రాణాలు అరచేత పట్టుకుని ఆడవాళ్లు, పిల్లలతో సహా ఎడారిలోకి పారిపోయారు. ఈజిప్టు వైపు వందల కిలోమీటర్లు నీళ్లు లేని నేల. చాలామంది దారిలోనే చనిపోయారు. అదే సమయంలో ఈజిప్టు సర్వే శాఖలో పనిచేసే ప్యాట్ క్లేటన్ ఆ ప్రాంతంలో మ్యాపులు గీస్తున్నాడు. తన బండ్లతో ఆ జనాన్ని వెతికి చాలామందిని కాపాడాడు. ఒకే ఎడారి, ఒకే ఏడాది. ఒకరు స్పేరు పార్టులు సర్దుకుని మ్యాపు గియ్యడానికి వచ్చారు. ఇంకొకరు ఏదీ సర్దుకునే టైము లేక సొంత నేల వదిలిపెట్టారు. మన కొండల్లో కూడా సర్వే గొలుసు ఎవరిదో, నేల ఎవరిదో మనకి తెలుసు.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగింది. బాగ్నోల్డ్ అప్పుడు ఈజిప్టులోనే ఉన్నాడు. జనరల్ వేవెల్ దగ్గరికి వెళ్లి, ఎడారి లోపలి నుంచి శత్రువు వెనక్కి పోయే దళం పెడదాం అన్నాడు. వేవెల్ ఆరు వారాలు టైమిచ్చాడు. చెవర్లే లారీలు కొన్ని డీలర్ దగ్గర కొన్నారు, కొన్ని ఈజిప్టు సైన్యం దగ్గర అడిగి తెచ్చుకున్నారు. టన్నున్నర బరువు మోసే రకం. వాటి తలుపులు, ముందు అద్దాలు, పైకప్పు అన్నీ పీకేశారు, ఎందుకంటే ఆ బరువుకి బదులు పెట్రోలు, నీళ్లు వేసుకోవచ్చు. కమాన్‌లకి అదనపు పట్టీలు వేయించారు. అయినా రాళ్ల నేలలో కమాన్లే ఎక్కువ విరిగేవి.

లోడు లెక్క ఎలా ఉండేదంటే, వెయ్యి మైళ్లకు పైగా ఎక్కడా పెట్రోలు దొరకదు అనుకుని బయల్దేరాలి. వారాల తరబడి తిండి, నీళ్లు, తుపాకులు, వైర్‌లెస్సు, ఉక్కు పట్టీలు, పారలు, పనిముట్లు, స్పేరు పార్టులు. ఎక్కువ పార్టులు పెడితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఇసుకలో దిగుతుంది. తక్కువ పెడితే విరిగిన చోటే ఆగిపోవాలి. కాబట్టి ఏది విరుగుతుందో ముందే తెలిసి ఉండాలి. అది ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండదు, ఆ నేల మీద ఆ బండిని నడిపినవాడికే తెలుస్తుంది. ఇంకో ఉపాయం, గుంపులో బండ్లన్నీ వీలైనంత ఒకే రకం ఉండాలి. ఒకటి పూర్తిగా పోతే దాని ఒంట్లోంచి తీసిన పార్టు మిగతావాటికి సరిపోతుంది.

1941లో వాళ్లకి నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న ఫోర్డ్ లారీలు ఇచ్చారు. మనమైతే అవే మంచివి అనుకుంటాం. కానీ అవి బరువెక్కువ, పెట్రోలు విపరీతంగా తాగేవి. 1942లో మళ్లీ రెండు చక్రాల డ్రైవ్ చెవర్లేలకే వచ్చారు. పెట్రోలు డబ్బాల సంగతీ ఇంతే. బ్రిటిష్ వాళ్ల పల్చటి రేకు డబ్బాలు అదురుకి కారిపోయేవి. జర్మన్ల 20 లీటర్ల గట్టి డబ్బా, మూడు పిడులది, దొరికితే వదిలేవాళ్లు కాదు. చివరికి బ్రిటిష్ వాళ్లు కూడా దాన్నే చూసి చేసుకున్నారు. మన ఊళ్లలో డీజిల్ తెచ్చుకునే ఇనుప క్యాన్ ఆకారం అదే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం. ఈ దళానికి బాగ్నోల్డ్ ఎవర్ని అడిగాడు? న్యూజిలాండ్ సైనికుల్ని. మొదట సుమారు 150 మంది వచ్చారు. చాలామంది పొలాల్లోంచి వచ్చినవాళ్లు. టౌనుకి దూరంగా బతికి, సొంత బండిని, సొంత యంత్రాన్ని సొంత చేత్తో బాగు చేసుకోవడం అలవాటైనవాళ్లు. అదే వాళ్ల అర్హత. ప్రతి దళంలో ఒక ఫిట్టర్ ఉండేవాడు. తరవాత మన దేశపు అశ్వికదళ రెజిమెంట్ల నుంచి ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ కూడా ఏర్పడి 1942లో వాళ్లతో పనిచేసింది.

అన్నీ సర్దుకున్నా ఒక్కోసారి అన్నీ పోతాయి. 1941 జనవరి 31న జెబెల్ షరీఫ్ అనే చోట ఇటలీ దళం, విమానాలు క్లేటన్ దళం మీద పడ్డాయి. కుఫ్రా జనాన్ని కాపాడిన ఆ క్లేటనే. ఆయన గాయపడి పట్టుబడ్డాడు. లారీలు కాలిపోయాయి. రాళ్లలో దాక్కున్న నలుగురు మిగిలారు: మూర్, ఈస్టన్, వించెస్టర్, టై. టై బండ్ల రిపేరు చూసే ఆర్డినెన్స్ కోర్ మనిషి. పక్కన పానాలు లేవు, బండే లేదు. వాళ్లకి మిగిలింది రెండు గ్యాలన్లు కూడా లేని నీళ్ల డబ్బా. లొంగిపోకుండా తమ లారీల టైరు జాడలు పట్టుకుని దక్షిణం వైపు నడిచారు. మూర్ కాలికి గాయం. పది రోజులకి ఫ్రెంచి వాళ్లు కనిపెట్టేసరికి మూర్ 200 మైళ్లకు పైగా నడిచి ఇంకా నడుస్తూనే ఉన్నాడు. ఈస్టన్ మాత్రం దొరికాక చనిపోయాడు.

సెమినార్‌లో ఇదంతా చెప్పాను. బాగ్నోల్డ్ గొప్ప శాస్త్రవేత్త అని అందరూ ఒప్పుకున్నారు, నిజమే, ఇసుక ఎలా కదులుతుందో 1941లో పుస్తకం రాసినవాడు ఆయన. కానీ మనసులో ఉన్న ఇంకో మాట ఆ రోజు చెప్పలేకపోయా. అది ఇక్కడ రాస్తున్నా.

ఆ యుద్ధంలోనే జీపు పుట్టింది. 1942 నుంచి ఆ దళం కూడా జీపులు వాడింది. 1947లో మహీంద్రా వాళ్లు మన దేశంలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. ఆ వంశంలో బండే మన సంతలకి వచ్చింది. అది ఎక్కే రోడ్డుకి కూడా చరిత్ర ఉంది. గూడెం కొండల్లో ఘాట్ రోడ్డు పనికి మన పెద్దల చేత వెట్టి చేయించడం 1922 పితూరికి కారణాల్లో ఒకటి. అక్కడ బాగ్నోల్డ్ ఎడారికి రావడానికి కొన్నేళ్ల ముందే ఇక్కడ మనవాళ్లు రాళ్లు మోశారు.

నాన్న డబ్బాలో రెండు ఫ్యాన్ బెల్టులు ఎందుకున్నాయో చెప్తాను. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు వానాకాలం. మా పక్క ఊరి అక్కకి నొప్పులొస్తే డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చి నాన్న జీపు ఎక్కించారు. ఎక్కుడులో బెల్టు తెగింది. బెల్టు తిరక్కపోతే ఫ్యాన్ తిరగదు, నీళ్ల పంపు తిరగదు, రెండు మలుపులకే ఇంజను మరుగుతుంది. స్పేరు బెల్టు లేదు. పొద్దున్నే ఇంకో జీపు మావది తెగిపోతే నాన్న తనది ఇచ్చేశాడు. వాగు నీళ్లు పోస్తూ, ఆపుతూ, మళ్లీ కదులుతూ వెళ్లారు. దారిలోనే ప్రసవం అయింది. అక్క బతికింది. పాప దక్కలేదు.

నాన్న ఆ మావని ఒక్క మాట అనలేదు. ఇచ్చినందుకు బాధ కూడా పడలేదు. తరవాతి సంతకి రెండు బెల్టులు కొన్నాడు. ఒకటి తనకి, ఒకటి ఎవరైనా అడిగితే ఇవ్వడానికి. అప్పటినుంచి ఇచ్చినదాని బదులు మళ్లీ కొని పెడుతూనే ఉన్నాడు.

ఏది తెగుతుందో, తెగితే ఎవరికి ఏమవుతుందో తెలిసి ముందే సర్దుకోవడం. న్యూజిలాండ్ రైతు చేస్తే దాన్ని పుస్తకంలో రాశారు. మా నాన్న చేస్తే ఫారంలో నేనే గీత పెట్టాను.

మొన్న సెలవులకి వెళ్లినప్పుడు నాన్న పక్కన కూర్చుని డబ్బాలోవి ఒక్కొక్కటీ అడిగి నోట్‌బుక్కులో రాశాను. సబ్బుబిళ్ల ఎందుకంటే డీజిల్ ట్యాంకు కారితే చిల్లు మీద రుద్దడానికట. "ఇవన్నీ రాసుకుని ఏం చేస్తావమ్మా" అన్నాడు నాన్న. పరీక్షకి కాదు నాన్నా అన్నాను.

మీ ఇళ్లలో, మీ ఊళ్లలో జీపు, ఆటో, ట్రాక్టరు నడిపేవాళ్లు ఉంటారు. కామెంట్లలో రాయండి: వాళ్ల డబ్బాలో ఏముంది, ఎందుకుంది, ఏ ఘాట్‌లో ఏ రాత్రి జరిగినదాని వల్ల అది అందులోకి వచ్చింది. పెద్దవాళ్లు ఉండగానే అడగండి. అన్నీ కలిపి రాసి పెట్టే బాధ్యత నాది.

జోహార్.