తంగెడు చెక్క, తోలు సంచి: డిజైనర్ బ్యాగు వెనకున్న మన ఊరి కథ

"అన్నా, డిజైనర్ టైపు తోలు హ్యాండ్‌బ్యాగు ఇంట్లోనే చేసుకోవచ్చా?" అని మీలో చాలామంది అడుగుతున్నరు. చేసుకోవచ్చు. కుట్టుడు ఎట్లనో రెండు నిమిషాల్లో చెప్తా. కానీ ఆ తోలు ఎట్ల తయారైతది, మన నల్లగొండ, పాలమూరు ఊళ్లల్ల దాన్ని ఎవరు తయారు చేసిన్రు, వాళ్లకు ఏం దక్కింది? ఈ ఎపిసోడ్ దాని గురించి.

ముందు కుట్టు. ప్యారిస్‌లో 1837లో మొదలైన ఎర్మెస్ కంపెనీ మొదట్లో గుర్రాలకు కట్టే తోలు సామాను చేసేది. ఆ జీను కుట్టే తర్వాత వాళ్ల బ్యాగులకు వచ్చింది. దారం ఒకటే, రెండు కొసలకు రెండు సూదులు. ప్రతి రంధ్రంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దూరి పోవాలి. ఒకచోట దారం తెగినా మిగతా కుట్టు ఊడిపోదు. మీకు కావాల్సిన పనిముట్లు రంధ్రం పొడిచే ఆరె, తోలు కోసే రంపె. ఆన్‌లైన్‌లో వీటిని ఇంగ్లిష్ పేర్లతో అమ్ముతరు గానీ, మన ఊళ్లల్ల మాదిగల ఇండ్లల్ల ఇవి తరతరాలుగా ఉన్నవే.

ఇక తోలు. కొనేటప్పుడు "వెజిటబుల్ ట్యాన్" అని అడగండి. పచ్చి తోలు కుళ్లిపోతది. చెట్టు బెరడులో ఉండే ట్యానిన్, తోలులోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను గట్టిగా పట్టుకుంటే ఇక కుళ్లదు. ఇటలీలో దీనికి చెస్ట్‌నట్ లాంటి చెట్లు వాడతరు. మన దగ్గర వాడింది తంగెడు చెక్క. అవును, బతుకమ్మలో పేర్చే తంగెడే, మన రాష్ట్ర పుష్పం.

తోలును ఇట్ల పదును చేయడాన్ని ఊనడం అనేవారు. ఊనే తొట్టి పేరు లంద. తోలును సున్నపు నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, వెంట్రుకలు, కండ గీకి, కడిగి, తంగెడు చెక్క రసంలో వేసేవారు. రసం పలచబడితే కొత్త చెక్క వేయాలి. ఇంకో పద్ధతి ఉంది. తోలునే సంచిలాగా కుట్టి, లోపల చెక్క, నీళ్లు నింపి వేలాడదీసేవారు. అంటే మన దగ్గర తోలు ఇంకా పూర్తిగా తయారు కాకముందే సంచి అయింది! వారాల తరబడి సాగే ఈ పనికి ఏ మీటరూ లేదు. రంగు, వాసన, చేతికి తగిలే మెత్తదనం చూసే తెలుసుకోవాలి.

ఆ తోలుతో ఏం చేసిన్రు? మనది మెట్ట ప్రాంతం, చాలా చోట్ల బావి నీళ్లే దిక్కు. కరెంటు మోటార్లు రాకముందు ఎడ్లతో మోట కొట్టేవారు. మోట బొక్కెన ఒక పెద్ద తోలు సంచి, కింద పొడవైన తోలు తొండం. ఇనుప బొక్కెనలు వచ్చినంక కూడా తొండం తోలుదే. కుట్టు కారితే పొలం ఎండుతది. 1903 ప్రాంతంలో మద్రాసులో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ క్రోమ్ రసాయనంతో తోలు ఊనే ప్రయోగాలు మొదలుపెట్టినప్పుడు, ఆ తోలుతో చేసి చూసిన వాటిల్లో మోట బొక్కెనలు కూడా ఉన్నయి. అది అంత అవసరమైన వస్తువు.

మరి కూలి? రైతులు పంట నూర్చినప్పుడు కల్లం కాడ గింజలు కొలిచి ఇచ్చేవారు. దొరలు మాత్రం చెప్పులు, మోట తోలు సామాను వెట్టికి చేయించుకునేవారు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఈ తేడా గురించి ఉంది. 1946 జులై 4న అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం తీసిన గొడవ వెనక ఇదే దొరల పెత్తనం, ఇదే వెట్టి ఉంది. తంగెడు పువ్వును ఊరంతా నెత్తిన పెట్టుకుంది. అదే చెట్టు చెక్కతో పని చేసినోళ్లను ఊరి బయట ఉంచింది. నాకు చరిత్రలో మింగుడుపడని మాట ఇది.

తర్వాత మోటార్లతో మోట పోయింది. రబ్బరు, ప్లాస్టిక్ చెప్పులతో తోలు చెప్పులు తగ్గినయి. వారాల పనిని చాలా త్వరగా చేసే క్రోమ్ ఫ్యాక్టరీలు పచ్చి తోళ్లు కొనుక్కపోయినయి. లందలు పూడిపోయినయి.

2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా కంపెనీ కొల్హాపురి లాంటి చెప్పులు చూపిస్తే దేశమంతా నిలదీసింది. ఎందుకంటే కొల్హాపురికి ఒక పేరుంది, 2019లో వచ్చిన జీఐ ట్యాగు ఉంది. మన లంద తోలును రేపు ఎవరన్నా కాపీ కొట్టినా అడగడానికి మన దగ్గర ఏముంది?

అందుకే, బ్యాగు కుట్టుకోండి, కానీ అంతకంటే ముందు మీ ఊళ్లో ఒక పని చేయండి. లంద ఎక్కడుండేది, చెక్క ఎన్ని రోజులకు మార్చేవారు, తొండం ఎట్ల కుట్టేవారు అని పెద్దోళ్లను అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. వాళ్ల పేరు, వాళ్లకు ఇష్టమైతే, తప్పకుండా పెట్టండి. మోట తొండం కుట్టిన చేతులు ఇంకా ఉంటే, వాళ్లకు ఇప్పుడు ఎనభై దాటి ఉంటయి. వచ్చే సెలవుల దాకా ఆగకండి.